సగం నిండిన ట్యాంకు

ముందే ఒక మాట. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు. ఒత్తులు ఎడిటర్ అక్క సరిచేసింది, ఇంకా ఏమైనా మిగిలితే అవి నా ఖాతాలో వేసుకోండి. క్లబ్ మీటింగ్‌లో "కవితలు చాలా వచ్చాయి, ఎవరైనా ఏదైనా నేర్పించే వ్యాసం రాయండి" అన్నారు. నాకు నేర్పించేంత వచ్చినవి రెండే రెండు. ఒకటి స్టేషనీర్స్ అనే గేమ్. రెండోది నీళ్ల ట్యాంకర్. రెండోది నాకెలా వచ్చిందో మధ్యలో చెప్తాను.

గేమ్ తెలియని వాళ్ల కోసం: స్టేషనీర్స్‌ని న్యూజిలాండ్‌కి చెందిన రాకెట్‌వెర్క్స్ చేసింది. డేజీ చేసిన డీన్ హాల్ స్టూడియో అది. 2017 డిసెంబర్‌లో స్టీమ్‌లో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చింది. మిమ్మల్ని చంద్రుడి మీదో, మార్స్ మీదో నాలుగు డబ్బాల సామానుతో దింపేసి పోతారు. గాలి, నీళ్లు, తిండి, కరెంట్ అన్నీ మీరే చేసుకోవాలి. కాల్చడానికి జాంబీలు ఉండవు. ఇందులో మనల్ని చంపేది ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్. నేను మొదటి వారంలో పదకొండు సార్లు చచ్చాను, అందులో ఆరు సార్లు నీళ్ల వల్లే.

మార్స్ మీద నీళ్లు ఐస్ రూపంలో దొరుకుతాయి. తవ్వి, ఐస్ క్రషర్‌లో వేస్తే కరిగి లిక్విడ్ పైపులోకి వస్తాయి. తాగాలన్నా, హైడ్రోపోనిక్స్ ట్రేలో టమాటా పెంచాలన్నా ఈ నీళ్లే. బేస్ చిన్నగా ఉన్నప్పుడు పైపు లైన్ ఒక్కటే చాలు. బేస్ పెద్దదయ్యాక, లేదా ఐస్ దొరికే చోటు దూరమయ్యాక పోర్టబుల్ లిక్విడ్ ట్యాంక్ కావాలి. చేత్తో లాక్కెళ్లగలిగే నీళ్ల ట్యాంకు అన్నమాట.

కొత్తగా ఆడేవాళ్లు చేసే మొదటి తప్పు, ట్యాంకుని పైపు పక్కన పెట్టి నీళ్లు ఎక్కట్లేదేంటి అని చూడటం. ఎక్కవు. పైపు చివర ట్యాంక్ కనెక్టర్ కట్టాలి. గ్యాస్‌కి ఒక రకం కనెక్టర్, లిక్విడ్‌కి ఇంకో రకం. ట్యాంకుని లాక్కొచ్చి కనెక్టర్ మీద నిలబెట్టి రెంచ్‌తో బిగించాలి. అప్పుడే అది నెట్‌వర్క్‌లో భాగమవుతుంది. రెంచ్‌తో విప్పితే మళ్లీ విడి ట్యాంకు.

ఈ బిగించడం, విప్పడం అనేదే పోర్టబుల్ ట్యాంక్ అసలు విలువ. గేమ్‌లో పైపు నెట్‌వర్క్ అంతా ఒకే గిన్నె లాంటిది. ఒక మూల మురికి నీళ్లు కలిస్తే అన్ని మూలలా కలిసినట్టే. విప్పి పక్కన పెట్టిన ట్యాంకు మాత్రం శుభ్రంగా ఉంటుంది. నేను ఎప్పుడూ ఒక నిండు ట్యాంకుని ఏ పైపుకీ తగిలించకుండా లోపల గదిలో పెడతాను. ఇది గేమ్ తెలివి కాదు. మన సిటీలోనే 2009 మేలో భోలక్‌పూర్‌లో తాగే నీళ్లు కలుషితమై ప్రాణాలు పోయాయి. ఒకే లైన్ మీద ఆధారపడ్డ బస్తీకి రెండో గిన్నె ఉండదు.

రెండో తప్పు ప్రెషర్. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే ఇక్కడే లెక్క బాగుంటుంది.

ఖాళీ ట్యాంకు అంటే నిజంగా ఖాళీ కాదు, అందులో గ్యాస్ ఉంటుంది. లెక్క సులువుగా ఉండటానికి ట్యాంకు 1000 లీటర్లు, లోపల గ్యాస్ 100 కిలోపాస్కల్స్ అనుకుందాం. మన గది గాలి ప్రెషర్ దాదాపు అంతే. టెంపరేచర్ మారట్లేదు. ఇప్పుడు నీళ్లు పంపు చేయండి. 500 లీటర్లు ఎక్కేసరికి గ్యాస్‌కి సగం చోటే మిగిలింది, ప్రెషర్ 200. 900 ఎక్కితే గ్యాస్‌కి 100 లీటర్ల చోటు, ప్రెషర్ 1000. ఇక్కడిదాకా భయం లేదు. 990 దగ్గర గ్యాస్‌కి మిగిలింది పది లీటర్లు, ప్రెషర్ 10,000 కిలోపాస్కల్స్. అంటే 10 మెగాపాస్కల్స్. గేమ్‌లో ట్యాంకు వివరణలోనే ప్రెషర్ 10 మెగాపాస్కల్స్ దాటనివ్వకండి, దాటితే ట్యాంకు ముక్కలు మొహంలోంచి ఏరుకోవాల్సి వస్తుందన్నట్టు రాసి ఉంటుంది.

చూశారా, మొదటి 900 లీటర్లకి పెరిగింది 900 కిలోపాస్కల్స్. తర్వాతి 90 లీటర్లకి పెరిగింది 9,000. గ్రాఫ్ గీస్తే చివర్లో గోడలా లేస్తుంది. ఇంటర్లో బాయిల్స్ లాకి హైపర్‌బోలా గీయమంటే గీశాను, మార్కులూ వచ్చాయి. అది పేలుతుందని మాత్రం అప్పుడు తెలీదు. కాబట్టి నింపేముందు లోపలి గ్యాస్‌ని తీసేయండి, లేదా 90 శాతం దగ్గర ఆపేయండి.

మూడో తప్పు చలి, దీన్ని త్వరగా ముగిస్తాను. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. మార్స్ రాత్రిలో మామూలు పైపు బయట వదిలేస్తే పగులుతుంది. కనెక్టర్ దాకా ఇన్సులేటెడ్ పైపే వేయండి. డబ్బు మిగులుద్దాం అని మామూలు పైపు వేస్తే, నాలాగే పొద్దున లేచి ముక్కలు ఏరుకుంటారు.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్.

మన క్లాసులో సగం మంది హాస్టళ్లు చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం సందుల్లోనే కదా. మార్చి దాటాక పొద్దున ఆరింటికి సందు చివర ట్యాంకర్ రివర్స్ హారన్ వినిపిస్తుంది. ఆ ట్యాంకర్లలో ఒకటి మా నాన్న నడుపుతాడు. మాది ఎల్బీ నగర్ అవతల చింతలకుంట వైపు. ఫస్టియర్ ఇంట్రోలో ఫాదర్ ఏం చేస్తారు అని సీనియర్స్ అడిగితే "ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్" అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. బండి నాన్నది కాదు, ఓనర్ వేరే.

సిటీకి ఇటువైపు నల్లా నీళ్లు ఎక్కువగా కృష్ణవి. నాగార్జునసాగర్ వెనక నుంచి అక్కంపల్లి రిజర్వాయర్‌కి, అక్కడ నుంచి కోదండాపూర్‌లో శుద్ధయి, వంద కిలోమీటర్లకి పైగా పైపుల్లో పంపులతో ఎక్కి మన పక్కనున్న సాహెబ్‌నగర్‌కి వస్తాయి. మొదటి ఫేజు 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చాయి. ఒక్కో ఫేజు కెపాసిటీ రోజుకి 90 మిలియన్ గ్యాలన్లు. దీన్ని లీటర్లలోకి మారిస్తే 40 కోట్ల 90 లక్షలు. నాన్న బండి 5,000 లీటర్లది. ఒక్క ఫేజు ఒక్క రోజులో తెచ్చేది ట్యాంకర్లతో తేవాలంటే 81,800 ట్రిప్పులు. నాన్న మంచి రోజున ఎనిమిది కొడతాడు. పైపు ముందు ట్యాంకర్ ఎంత చిన్నదో ఈ లెక్క చేసేదాకా నాకు తెలియలేదు. కానీ మూడో అంతస్తులో బకెట్ ఖాళీ అయినవాడికి ఆ 81,800 తో పనిలేదు, సందులోకి వచ్చే ఆ ఒక్కటే కావాలి. పోర్టబుల్ ట్యాంకు పని గేమ్‌లో అయినా ఇక్కడైనా అదే, పైపు చేరని చోట, పైపు ఆగిన రోజున.

నాన్న దగ్గర చిన్నప్పటి నుంచి చూసిన ఒక అలవాటు ఉంది. వాల్వు తిప్పేముందు నిచ్చెనెక్కి పైన మూత తీస్తాడు. వానలో కూడా. నేను అదేదో సెంటిమెంట్ అనుకునేదాన్ని. నీళ్లు కింద నుంచి పోతుంటే ఆ చోటులోకి గాలి రావాలి. మూత బిగుతుగా ఉంటే గాలి రాదు, లోపల ప్రెషర్ పడిపోతుంది, బయట గాలి రేకుని నొక్కుతుంది. మోటర్ పెట్టి లాగితే ఇంకా తొందరగా. లోపల బయటకన్నా ఐదో వంతు తగ్గినా ప్రతి చదరపు మీటరు మీద రెండు టన్నులు కూర్చున్నట్టే. రేకు సొట్టపోతుంది. నింపేటప్పుడు పేలడం, తీసేటప్పుడు సొట్టపోవడం ఒకే లెక్కకి రెండు వైపులు.

ఇక సగం ట్యాంకు సంగతి.

పోయిన ఏప్రిల్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో రెండు హాస్టళ్లు కలిపి ఒక ట్యాంకర్ చెప్పాయి, సగం సగం. మొదటి హాస్టల్ సంపులో సగం పోశాక, రెండో హాస్టల్ ఆయన ఫోన్ చేసి మాకు నల్లా వచ్చింది, వద్దు అన్నాడు. మిగిలిన రెండున్నర వేల లీటర్లు వదిలేస్తే ఓనర్ నాన్న లెక్కలోంచి కోస్తాడు. ఎల్బీ నగర్‌లో ఇంకో పార్టీ దొరికింది. నాన్న సగం బండితో మెట్రో పిల్లర్ల కింద బయల్దేరాడు. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటాక ఒక ఆటో అడ్డం వచ్చింది. బ్రేక్ కొట్టాడు. బండి ఆగింది, నీళ్లు ఆగలేదు. ఒక క్షణం తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు నెట్టింది, ముందు చక్రం డివైడర్ ఎక్కింది. ఆటోలో ఎవరికీ ఏం కాలేదు. నాన్న కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆరు వారాలు డ్యూటీ లేదు, డ్యూటీ లేకపోతే జీతం లేదు. నా రెండో టర్మ్ ఫీజు కోసం దాచింది అందులోకే పోయింది.

హాస్పిటల్‌లో నేను "నిండు బండి అయితే ఇంకా బరువు కదా, ఇంకా గట్టిగా గుద్దేది కదా" అన్నాను. నాన్న నవ్వాడు.

"నిండుది కదలది బిడ్డా. ఖాళీది కదలది. సగముంటేనే మనల్ని కదిలిస్తది."

ఇంటికి వచ్చాక రెండు రోజులు కూర్చుని లెక్క వేశాను. మీరూ వేయొచ్చు. ట్యాంకు పొడవు 3 మీటర్లు అనుకోండి. గుండ్రటి డ్రమ్ము అయితే 5,000 లీటర్లకి లోపలి ఎత్తు దాదాపు 1.46 మీటర్లు. సగం అంటే నీళ్లు 73 సెంటీమీటర్లు. బండి సెకనుకి 4 మీటర్ల చొప్పున స్పీడ్ తగ్గుతుంటే, అది గట్టి బ్రేకే, నీటి పైభాగం ముందుకి వాలుతుంది. ఎంత వాలుతుందంటే, ఆ 4ని గ్రావిటీ 9.8తో భాగిస్తే 0.41 వస్తుంది, అంటే దాదాపు 22 డిగ్రీలు. ట్యాంకు మధ్య నుంచి ముందు గోడకి 1.5 మీటర్లు. 1.5ని 0.41తో గుణిస్తే 61 సెంటీమీటర్లు. ముందు గోడ దగ్గర నీళ్లు 61 సెంటీమీటర్లు లేస్తాయి. పైకప్పుకి మిగిలింది పన్నెండు. ఇది కూడా నీళ్లు మెల్లగా వాలి నిలబడితే. నిజంగా అవి అలలా వస్తాయి కాబట్టి ఇంకా పైకి పోతాయి. రెండున్నర టన్నుల బరువు మీరు బ్రేక్ వేసిన తర్వాత, లేటుగా, ముందు గోడని కొడుతుంది. నిండు ట్యాంకులో వాలడానికి చోటే లేదు. నీళ్లు రాయిలా ఉండిపోతాయి. ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, నిజమే. కానీ ఆ రెండో దెబ్బ ఉండదు.

అందుకే ట్యాంకర్ లోపల అడ్డ రేకులు వెల్డింగ్ చేస్తారు. చిల్లులున్న రేకులు, నీళ్లు నెమ్మదిగా పోవచ్చు, ఒక్కసారిగా పోలేవు. రెండు రేకులు పెడితే 3 మీటర్లు మూడు గదులవుతుంది. ఒక్కో గదిలో మధ్య నుంచి గోడకి అర మీటరే. అదే లెక్కలో నీళ్లు లేచేది 20 సెంటీమీటర్లు. చిల్లులుంటాయి కాబట్టి ఇది కచ్చితమైన జవాబు కాదు, కానీ 61కీ 20కీ తేడా డ్రైవర్ నడుముకి తెలుస్తుంది.

నాన్న బండిలో రెండు రేకులు ఉండాలి. ఒకటి వెల్డింగ్ ఊడి అడుగున పడి ఉంది. నాన్న సంక్రాంతికే చెప్పాడు. ఓనర్ "వచ్చే నెల చేపిద్దాం" అన్నాడు, ప్రతి నెలా.

స్టేషనీర్స్‌లో ఇది ఉండదు. నేను ఎన్ని వందల లీటర్లు లాక్కుంటూ పరిగెత్తినా ట్యాంకు నన్ను ఒక్కసారి కూడా వెనక నుంచి నెట్టలేదు. గేమ్‌కి లోపలి నీళ్లు ఒక నంబర్ మాత్రమే. ఎంత, ఏ టెంపరేచర్, ఏ ప్రెషర్, అంతే. పైపులో ఎత్తు కూడా లెక్కలోకి రాదు. ఇక్కడ రోడ్డు మీద ట్యాంకర్ నుంచి సంపులోకి నీళ్లు వాటంతట అవే దిగుతాయి కానీ, సంపు నుంచి ఐదో అంతస్తు పైన సింటెక్స్‌కి 18 మీటర్లు ఎక్కాలంటే దాదాపు 180 కిలోపాస్కల్స్ కావాలి, అంటే మోటర్, అంటే కరెంట్. గేమ్ గ్యాస్ విషయంలో అంత నిజాయితీగా ఉండి నీటి బరువు దగ్గర మోసం చేసింది అని నాకు కొంచెం కోపం. మన కంప్యూటర్లు తట్టుకోవాలి కదా అంటే, అదీ నిజమే. ఒక్కో ట్యాంకులో అలలు లెక్కపెట్టాలంటే నా లాప్‌టాప్ మార్స్ చేరకముందే ఆగిపోతుంది.

సీఎస్ వాళ్లకి ఒక ముక్క. గేమ్‌లో ఐసీ10 అనే చిప్పు ఉంటుంది, అసెంబ్లీ లాంటి భాషలో 128 లైన్ల దాకా ప్రోగ్రామ్ రాయొచ్చు. నేను మొదట రాసింది, నీళ్లు 90 శాతం కన్నా తక్కువైతే పంపు ఆన్, లేకపోతే ఆఫ్. పంపు టకటకా ఆగి మొదలై ఆగి మొదలైంది. 89.9 కి ఆన్, 90.0 కి ఆఫ్. పరిష్కారం రెండు గీతలు: 20 కి తగ్గితే ఆన్, 90 దాటితే ఆఫ్, మధ్యలో ఉంటే ఇంతకుముందు ఏ స్థితిలో ఉందో అదే. ఈ మూడో లైన్ రాయడం అందరూ మర్చిపోతారు. దీన్నే హిస్టరిసిస్ అంటారు. గడ్డిఅన్నారంలో మా ఫ్రెండ్ హాస్టల్ వాచ్‌మన్ తాత ఏ చిప్పూ లేకుండా సంపు గోడ మీద సుద్దతో రెండు గీతలు గీసుకుని ఇదే చేస్తాడు. పై గీత దాటితే మోటర్ వేస్తాడు, కింది గీత దాకా ఆపడు. ఆయనది తోడటం కాబట్టి గీతలు తిరగబడ్డాయి, లాజిక్ అదే.

మే నెలలో నా లెక్క కాగితం పట్టుకుని నాన్నతో పాటు ఓనర్ దగ్గరికి వెళ్లాను. 61, 20 అని చూపించాను. ఆయన మర్యాదగానే విన్నాడు, "మంచిగ చదువుతున్నవ్ అమ్మా" అన్నాడు, ఫోన్ వైపు చూశాడు. నాన్న టేబుల్ మీదున్న వాటర్ బాటిల్ తీసుకుని సగం తాగి, మూత పెట్టి, అడ్డంగా పడుకోబెట్టి, ఎడమ చేత్తో ముందుకి తోసి టక్కున ఆపాడు. నీళ్లు ముందుకి వచ్చి కొట్టాయి, బాటిల్ నాన్న చేతిలోంచి జారి ఓనర్ బిల్లు బుక్కుని తోసింది. పక్కన టీ తాగుతున్న ఇంకో డ్రైవర్ అన్న, "నా బండ్ల గూడ ఒకటి ఊడింది సేటూ" అన్నాడు. అప్పుడు ఓనర్ ఫోన్ పక్కన పెట్టాడు.

రెండు బండ్లకీ జూన్‌లో వెల్డింగ్ అయింది. ఫీజు సంగతి వేరే, దానికి అప్పు ఇంకా నడుస్తోంది. బండి షెడ్డు నుంచి వచ్చిన రోజు నాన్న పైన మూత తీసి, నా ఫోన్ టార్చ్ పట్టుకుని లోపలికి తల పెట్టి రేకులు లెక్కపెట్టాడు. నన్ను కూడా ఎక్కి చూడమన్నాడు. లోపల తుప్పు వాసన, కొత్త వెల్డింగ్ గీతలు మెరుస్తున్నాయి. ఇప్పటికీ సగం లోడు చెప్తే నాన్న మొదట ఇద్దరికీ ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకుంటాడు. రెండోవాళ్లు వద్దంటే మొదటి చోటే మొత్తం దింపుతాను, లేదంటే రానే రాను అంటాడు. దానివల్ల వారానికి ఒకటి రెండు ట్రిప్పులు పోతున్నాయి.

ఆ రాత్రి నేను గేమ్ ఆడుతుంటే వెనక నిలబడి చూశాడు. ట్యాంకుని కనెక్టర్ మీద పెట్టి బిగించాను.

"మూత ఏది?"

"దీనికి మూత ఉండదు నాన్నా."

"మరి లోపలి గాలి ఏడికి పోవాలె?"

నేను పైన రాసిన 990 లీటర్ల లెక్క మొత్తం చెప్పాను. విని, "అయితే ముందుగాల గాలి గుంజెయ్" అన్నాడు.

మా మార్స్ బేస్‌లో ఇప్పుడు ట్యాంకులన్నీ గాలి తీసేసే నింపుతున్నాను. సేవ్ ఫైల్, ఐసీ10 ప్రోగ్రామ్ కావాల్సినవాళ్లు క్లబ్ గ్రూపులో అడగండి, పంపిస్తాను. ప్రోగ్రామ్‌లో 41వ లైన్‌లో ఒక తప్పు ఉంది, పంపు రెండోసారి ఆన్ అవ్వడానికి ఒక్కోసారి లేటవుతుంది. ఎవరైనా పట్టుకుంటే నాకు చెప్పండి.